తుల్గాలో ఎందుకు దిగావు తమ్ముడూ?

ప్రశ్న: అన్నా, నాకు 27 ఏళ్ళు. కాకినాడలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. నెల కిందట స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో తక్కువ ధరకి వస్తే ‘మౌంట్ అండ్ బ్లేడ్: వార్‌బ్యాండ్’ అనే కంప్యూటర్ ఆట కొన్నాను. నా ల్యాప్‌టాప్ పాతది. 4 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. అయినా ఆట బాగానే నడుస్తోంది, నడవనిది నేనే. గుర్రాలంటే ఇష్టం కదా అని ఖెర్గిట్ల రాజ్యంలో తుల్గా పట్నం నుంచి మొదలుపెట్టాను. పల్లెలు తిరిగి ఇరవై మందిని పోగు చేస్తాను. మైదానంలోకి రాగానే గుర్రాల మీద దొంగలు వచ్చి పడతారు, అంతే. ఇప్పటికి పదకొండుసార్లు బందీనయ్యాను. ప్రతిసారీ పాత సేవ్ లోడ్ చేసుకుంటున్నాను. కత్తి పట్టి ఎదురుగా నిలబడితే ఎటునుంచి కొడతారో అర్థం కాదు, అడ్డుకోవడం రావట్లేదు. పోనీ ఏం చెయ్యాలో ఆటలో చెప్పేవాళ్ళున్నారా అంటే అదీ లేదు, కథే లేదు. ఫ్రెండ్స్ చూసి ‘ఇదేం తోలుబొమ్మలాట రా’ అని నవ్వుతున్నారు. దీన్ని వదిలేసి దీని తర్వాత వచ్చిన బ్యానర్‌లార్డ్ కొనమంటారా? నాకే చేతకావట్లేదా?

సమాధానం: తమ్ముడూ, ముందు డబ్బుల సంగతి తేల్చేద్దాం. బ్యానర్‌లార్డ్ కొనకు. దానికి డిస్కులో సుమారు 60 జీబీ జాగా కావాలి. నీ ల్యాప్‌టాప్ లోడింగ్ స్క్రీన్ దగ్గరే చతికిలబడుతుంది. వార్‌బ్యాండ్‌కి ఒక జీబీ కూడా అక్కర్లేదు. పైగా ఇక్కడ నిన్ను కొడుతున్న దెబ్బలే అక్కడా కొడతాయి, బొమ్మ మాత్రమే కొంచెం నున్నగా ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్ వచ్చినరోజు చూద్దాం.

చేతకాకపోవడం అన్నావు చూడు, అదేం లేదు. ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు చేసిన తప్పు ఒక్కటే, అది ఆట మొదలైన రెండో నిమిషంలోనే చేసేశావు. ఆదిలోనే హంసపాదు అంటారు కదా, అదే. తుల్గాలో దిగావు.

ఆటలో నువ్వయ్యే బొమ్మను తయారు చేసుకున్నాక ఆట ఒక ప్రశ్న అడుగుతుంది, గుర్తుందా? ఏ పట్నానికి వెళ్తావు అని. ప్రావెన్, రేవాదిన్, సార్గోత్, జెల్కాలా, షారీజ్, తుల్గా. చూడ్డానికి బస్టాండులో బోర్డుల్లా ఆరూ ఒకేలా ఉంటాయి. నిజానికి ఆట ఎంత కష్టంగా ఉండాలో నువ్వు తేల్చుకునేది అక్కడే, కానీ ఆ మాట ఎవరూ చెప్పరు. తుల్గా చుట్టూ ఉన్నది పచ్చిక మైదానం. అక్కడ తిరిగే స్టెప్పీ దొంగలందరూ గుర్రాల మీదే ఉంటారు, చాలామంది చేతిలో విల్లు ఉంటుంది. మ్యాపు మీద ఒక గుంపు వేగం చాలావరకు ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో ఎంతమంది గుర్రాల మీద ఉన్నారు అన్న లెక్క మీదే నడుస్తుంది. నీ దగ్గర ఇరవై మంది, అందరూ నిన్న మొన్నటిదాకా పొలం దున్నినవాళ్ళు, కాలినడక. వాళ్ళు పదిహేను మంది, అందరూ రౌతులు. నువ్వు పారిపోలేవు, వాళ్ళను తరమనూ లేవు. యుద్ధం ఎప్పుడు, ఎక్కడ అన్నది వాళ్ళ ఇష్టం. పదకొండుసార్లు జరిగింది అదే.

ఇదే ప్రావెన్‌లో దిగి ఉంటే మొదట ఎదురయ్యేది లూటర్లనే చిల్లర దొంగలు. చేతిలో కర్రా కొడవలీ, దూరం నుంచి అయితే రాళ్ళు రువ్వుతారు. అడవి వైపు వెళ్తే విల్లులున్న దొంగలుంటారు గానీ వాళ్ళదీ కాలినడకే. గుర్రం ఎక్కిన చిన్న గుంపు వాళ్ళకు అందదు. సార్గోత్ వైపు సముద్రపు దొంగలు మహా గట్టివాళ్ళు, గొలుసు కవచాలు తొడుక్కుని గొడ్డళ్ళు విసురుతారు, కానీ వాళ్ళూ నడిచేవాళ్ళే. కొన్నాళ్ళయ్యాక వాళ్ళ కోసం నువ్వే తీరం వెంట వెతుక్కుంటూ వెళ్తావు, ఎందుకంటే వాళ్ళను కొడితే దొరికే కవచాలు అమ్ముకుంటే నెల గడుస్తుంది. ఇప్పుడు మాత్రం దూరంగా ఉండు.

గుర్రాలంటే ఇష్టమన్నావు. మంచిది. అయితే స్వాడియా రాజ్యానికి వెళ్ళు. ప్రావెన్ వాళ్ళదే. ఆ పల్లెల్లో తలకు 10 దినార్లిచ్చి తెచ్చుకున్న కుర్రాడు మొదట మిలీషియా, తర్వాత ఫుట్‌మ్యాన్, ఆ తర్వాత గుర్రమెక్కి మ్యాన్ ఎట్ ఆర్మ్స్, చివరికి నైట్ అవుతాడు. ఒళ్ళంతా ఉక్కు తొడుక్కున్న స్వాడియా నైట్లు ముప్పై మంది ఒకేసారి వాలులో దిగుతుంటే చూడాలి, ఖెర్గిట్ల గుర్రాలు మర్చిపోతావు. నార్డ్‌లని ఇంకో రాజ్యం వాళ్ళున్నారు, వాళ్ళకు ఆ సోకు లేదు, వాళ్ళ సైన్యం మొత్తం కాల్బలమే. కానీ కోట గోడకు నిచ్చెన వేసి ఎక్కాల్సి వచ్చినప్పుడు హస్కార్ల్ అనే నార్డ్ యోధుణ్ణి మించినవాడు లేడు. రోడోక్‌లనే మరో రాజ్యం వాళ్ళు కొండ మనుషులు. పొడుగు ఈటెలు, క్రాస్‌బోలు. నీ నైట్లకు వాళ్ళంటే భయం ఉండాలి.

ఈ ఆటలో కథ ఎందుకు లేదో ఒక మాట చెబుతాను. టర్కీలో, అంకారాలో, అర్మాన్ యావుజ్, ఇపెక్ యావుజ్ అని భార్యాభర్తలు. ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన ఆట ఇది. టేల్‌వర్ల్డ్స్ అని కంపెనీ పేరు. పూర్తికాని ఆటనే తమ వెబ్‌సైట్‌లో చవగ్గా అమ్మారు, పని ముందుకు సాగేకొద్దీ ధర పెంచుకుంటూ పోయారు. కొన్నవాళ్ళు ఆడి తప్పులు చెబితే దిద్దారు. ఆ పద్ధతి ఇప్పుడు అందరూ చేస్తున్నారు గానీ అప్పటికి కొత్త. 2008 సెప్టెంబర్‌లో పూర్తి ఆట వచ్చింది, 2010 మార్చిలో నువ్వు ఆడుతున్న వార్‌బ్యాండ్. మనుషులు కొద్దిమంది, డబ్బు కొద్దిగా. సినిమాలాంటి కథ తీసే స్తోమత వాళ్ళకు లేదు. ఉన్న శక్తినంతా రెండు చోట్ల పెట్టారు. ఒకటి, గుర్రం మీద నుంచి కత్తి దెబ్బ ఎలా తగలాలి అన్నది. రెండోది, నువ్వు ఏమీ చేయకుండా కూర్చున్నా తన పాటికి తాను కొట్టుకు చచ్చే కాల్రాడియా అనే ఒక దేశం. ఆ దేశంలో నువ్వు హీరోవి కాదు. వర్తకుడి తమ్ముణ్ణి విడిపించే మొదటి పని అయిపోయాక నిన్ను పట్టించుకునేవాడు ఉండడు. అది లోపమని నువ్వనుకుంటున్నావు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

ఇప్పుడు యుద్ధానికి వద్దాం. నువ్వు రాయలేదు గానీ నేను చూసినట్టు చెప్పగలను. యుద్ధం మొదలవగానే ఎఫ్1, ఎఫ్3 నొక్కుతున్నావు. అంటే ‘పదండి, కొట్టండి’. మీ ఇరవై మందీ విడివిడిగా గుర్రాల వెంట పరిగెడుతున్నారు. గుర్రపు దొంగ చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కణ్ణీ బాణంతో ఏరుకుంటున్నాడు. నువ్వు మధ్యలో నిలబడి ఎటు తిరగాలో తెలియక తిరుగుతున్నావు. అవునా?

ఈసారి ఇలా చెయ్యి. యుద్ధం మొదలవగానే ఎవరినీ కొట్టకు. చుట్టూ చూడు. దగ్గర్లో ఒక దిబ్బ ఉంటుంది, లేదా నాలుగు చెట్లుంటాయి. నువ్వు గుర్రం మీద అక్కడికి వెళ్ళి ఎఫ్1, మళ్ళీ ఎఫ్1 నొక్కు. ‘ఇక్కడ నిలబడండి’ అని. అందరూ నడుచుకుంటూ వచ్చి ఆ దిబ్బ మీద చేరతారు. దగ్గరగా నిలబడమనే ఆజ్ఞ కూడా ఉంది, అదీ ఇవ్వు. ఇక ఆగు. చెప్పినంత తేలిక కాదు, చెయ్యి దురద పెడుతుంది, ఆగు. గుర్రాలు వాలు ఎక్కేటప్పటికి వేగం చస్తుంది. ఈటె పట్టినవాడు ఎదురుగా పొడిస్తే గుర్రం ముందు కాళ్ళెత్తి ఆగిపోతుంది. ఆగిన గుర్రం మీద ఉన్న రౌతు అంటే ఎత్తు పీట మీద కూర్చున్న మనిషి, అంతే. నలుగురు చుట్టుముడతారు, కిందికి లాగినట్టే పడతాడు. దొంగలు సగానికి తగ్గాక అప్పుడు ఎఫ్1, ఎఫ్3. అప్పటికి తరమడానికి మిగిలేది ఇద్దరో ముగ్గురో.

అంకె మీటలు కూడా వాడు. 1 అంటే కాల్బలం, 2 విలుకాళ్ళు, 3 రౌతులు. విలుకాళ్ళను దిబ్బ మీద, కాల్బలాన్ని వాళ్ళకు పది అడుగుల ముందు, రౌతులను నీ వెంట. ఈ మూడు ముక్కలూ వస్తే నీకంటే రెట్టింపు మందిని కొట్టగలవు. నాకు ఈ ఆటలో మొదటిసారి ఒళ్ళు ఝల్లుమన్నది కత్తితో ఎవరినో నరికినప్పుడు కాదు. దిబ్బ మీద నిలబడి, ఎవరినీ ముట్టుకోకుండా, ఒక సైన్యం నా కాళ్ళ కింద విరిగిపోవడం చూసినప్పుడు.

అడ్డుకోవడం రావట్లేదన్నావు. కత్తి దెబ్బలు నాలుగే. కుడినుంచి, ఎడమనుంచి, పైనుంచి, సూటిగా పొడవడం. డాలు లేకపోతే ఎటునుంచి దెబ్బ వస్తుందో అటే నీ కత్తి అడ్డం పెట్టాలి. దిక్కు తప్పిందా, దెబ్బ తగిలిందే. అందరూ చేసే పొరపాటు అవతలివాడి కత్తి మొనను చూడటం. మొన కదిలేసరికి ఆలస్యమైపోతుంది. మా ఊళ్ళో దసరా రోజుల్లో కర్రసాము చేసే ఒక పెద్దాయన ఉండేవాడు. మేం పిల్లలం కర్ర వంక గుడ్లప్పగించి చూస్తుంటే, కర్రను కాదురా, కర్ర పట్టిన భుజాన్ని చూడండి అని అదిలించేవాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ మాట నాకు అంకారా వాళ్ళు చేసిన ఆటలో పనికొచ్చింది. పైనుంచి కొట్టేవాడి చెయ్యి తల మీదికి లేస్తుంది. పొడిచేవాడి మోచెయ్యి వెనక్కి పోతుంది. పక్కనుంచి కొట్టేవాడి భుజం అటువైపు తిరుగుతుంది. మోచేతి మీద కన్నుంచు.

దీన్ని నిజం యుద్ధంలో నేర్చుకోవద్దు. ప్రతి పట్నంలోనూ అరీనా అనే కత్తిసాధన గోదా ఉంటుంది. అక్కడ ఓడిపోతే పోయేదేం లేదు, మనుషులు చావరు, డబ్బు పోదు. రోజూ ఆఫీసు నుంచి వచ్చాక ఒక పది నిమిషాలు అరీనాలో ఆడు. మొదటి వారం కొట్టకు, ఊరికే అడ్డుకో. ఎదుటివాడు కొట్టి కొట్టి అలిసిపోవడం ఈ ఆటలో ఉండదు గానీ నీ కంటికి అలవాటవుతుంది. రెండో వారం అడ్డుకున్న వెంటనే తిరిగి కొట్టడం. ముందుకు అడుగేస్తూ కొడితే దెబ్బ గట్టిగా పడుతుంది, వెనక్కి పోతూ కొడితే చప్పగా పడుతుంది. అవతలివాడు డాలు ముఖానికి అడ్డం పెట్టుకుని కదలకపోతే కీబోర్డులో ‘E’ మీట నొక్కు, కాలితో తన్నుతావు, వాడు తూలుతాడు. అప్పుడు నరుకు.

ఇదంతా ఎందుకు, సాయంత్రం పూట టెన్షన్ లేకుండా ఆడుకుంటాను అంటావా, ఆప్షన్లలోకి వెళ్ళి అడ్డుకునే దిక్కును ఆటే చూసుకునేలా పెట్టుకో. నీకు తగిలే దెబ్బను పావు వంతుకి తగ్గించుకునే సదుపాయం కూడా ఉంది. అందులో సిగ్గేం లేదు. ఎవరైనా నవ్వితే నవ్వనీ. డాలు పట్టుకున్నా సగం కష్టం తీరుతుంది, ముందువైపు నుంచి వచ్చే ఏ దెబ్బనైనా డాలు ఆపుతుంది. గొడ్డలివాడితో మాత్రం జాగ్రత్త, నాలుగు దెబ్బల్లో డాలు చెక్కలు చెక్కలవుతుంది.

గుర్రం మీద ఉన్నప్పుడు కత్తి పక్కన పెట్టి బల్లెం పట్టు. చాలామంది బల్లెంతో పొడవబోయి తప్పిపోయి, ఇదేం ఆయుధం అని పారేస్తారు. కొట్టే మీట అసలు నొక్కకూడదు. గుర్రాన్ని తిన్నగా, ఆపకుండా దౌడు తీయించు. కొంత వేగం అందుకోగానే బల్లెం దానంతటదే వంగి చంకలోకి వస్తుంది. ఇక నువ్వు చేయాల్సింది ఆ మొన ఎదుటివాడి మీదికి వచ్చేలా గుర్రాన్ని నడపడమే. తగిలిందంటే ఎంతటి కవచమైనా సరే మనిషి లేవడు. ఇది వాళ్ళు కల్పించిన మాయ కాదు. ఇంగ్లండ్‌లో 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధాన్ని చూపించే బాయూ కుట్టుపని వస్త్రం ఒకటుంది, ఫ్రాన్స్‌కి చెందినది. అందులో కొందరు నార్మన్ రౌతులు ఈటెను తలపైకి ఎత్తి పట్టుకుంటే, కొందరు చంకలో బిగించి ఉంటారు. చంకలో బిగిస్తే దెబ్బ వెనక చేతి బలం కాదు, మనిషీ గుర్రమూ కలిసిన బరువు ఉంటుంది. తర్వాతి వందేళ్ళలో యూరప్ రౌతులకు అదే అలవాటైంది. మిగతా ఆటల్లో గుర్రం అంటే తొందరగా పోయే బండి. ఈ ఆటలో గుర్రమే ఆయుధం.

లెవెల్ పెరిగినప్పుడు వచ్చే పాయింట్లు ఎక్కడ పెట్టాలో నువ్వడగలేదు గానీ నువ్వు ఎలా పెట్టి ఉంటావో ఊహించగలను, అన్నిట్లో ఒక్కొక్కటి. అలా పంచితే ఏదీ ఎక్కిరాదు. నైపుణ్యం ఏదైనా దాని మూలగుణంలో మూడో వంతు దాటదు. బలం 12 ఉంటే పవర్ స్ట్రైక్, అంటే దెబ్బ బలం, 4 దాకానే. నీ చేతిలో ఉండాల్సినవి ఐరన్‌ఫ్లెష్ (దెబ్బలు తట్టుకునే శక్తి), పవర్ స్ట్రైక్, గుర్రపు స్వారీ, నాయకత్వం. వైద్యం, దారి కనిపెట్టడం, దూరదృష్టి లాంటివి నీకు అక్కర్లేదు, నీ వెంట ఉన్న సహచరుల్లో ఎవరికి ఎక్కువుంటే వాళ్ళదే గుంపు మొత్తానికి లెక్క. వాళ్ళు సారాకొట్లలో దొరుకుతారు. అందరికంటే ముందు వెతకాల్సింది జెరెమస్ అనే వైద్యుణ్ణి. అతని సర్జరీ ఒక్కో మెట్టు పెరిగేకొద్దీ, చావుదెబ్బ తిన్న సైనికుడు చావకుండా గాయంతో బయటపడే అవకాశం 4 శాతం చొప్పున పెరుగుతుంది. వినడానికి చిన్న అంకె. నువ్వు అకౌంట్స్ మనిషివి కాబట్టి నీకు చెప్పక్కర్లేదు, ఏడాది పొడుగునా ప్రతి యుద్ధంలో ఆ 4 శాతం కూడితే ఒక సైన్యం అవుతుంది. ఇంకో సంగతి, ఈ సహచరులు ఒకరంటే ఒకరికి పడదు. ఒకడు దొరబిడ్డ, ఇంకొకడు గుర్రాల దొంగ. ‘వాడి పక్కన కూర్చుని నేను తినను’ అని నీ దగ్గరికొచ్చి ఫిర్యాదు చేస్తారు. పెళ్ళి భోజనాల్లో ఒక బంతిలో ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో చూసుకున్నట్టు చూసుకోవాలి.

డబ్బు. వారానికోసారి జీతాలివ్వాలి. ఇవ్వకపోతే మనసు విరుగుతుంది, రాత్రికి రాత్రే పోతారు. తిండి కూడా ఒకే రకం పెడితే మొహం మొత్తుతుంది, రొట్టె ఒక్కటే కాదు, ఎండుచేప, వెన్న, పళ్ళు అన్నీ తలా కొంచెం కొను. మొదట్లో ఆదాయానికి తిన్నని దారి టోర్నమెంట్లు. ప్రతి రౌండుకీ నీ మీద నువ్వే 100 దినార్ల దాకా పందెం కాసుకోవచ్చు. అరీనాలో పది నిమిషాలు అన్నది ఇందుకు కూడా పనికొస్తుంది. చేతిలో 10,000 దినార్లు చేరగానే ఏదైనా పట్నంలో వర్తకుల పెద్ద, గిల్డ్ మాస్టర్‌తో మాట్లాడి అద్దకం కార్ఖానా పెట్టు. అది వారం వారం డబ్బు పంపిస్తుంది, జీతాల బెంగ తీరుతుంది. ఆ పట్నం ఏలే రాజుతో యుద్ధం వస్తే మాత్రం కార్ఖానా జప్తు. అందుకే ఎవరి పక్షమూ చేరకముందే నాలుగు రాజ్యాల్లో తలా ఒకటి పెట్టేవాళ్ళున్నారు. కత్తి పట్టుకుని బయల్దేరినవాడు చివరికి బట్టలకు రంగులద్దుకుంటూ బతకడం నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన వేళాకోళం.

ఇక నువ్వు పెద్దగా పట్టించుకోకుండా ఒక్క వాక్యంలో రాసిన సంగతి. ప్రతిసారీ పాత సేవ్ లోడ్ చేసుకుంటున్నాను అన్నావు. తుల్గా తర్వాత నిన్ను ఎక్కువ దెబ్బ తీస్తున్నది అదే. నువ్వు పదకొండుసార్లు ఓడిపోలేదు తమ్ముడూ. ఒకే ఓటమిని పదకొండుసార్లు చూశావు. ఓడిన తర్వాత ఏం జరుగుతుందో ఒక్కసారి కూడా చూడలేదు.

నా సంగతి చెబుతాను. నాకు అప్పటికి నలభై మూడు మంది ఉన్నారు. సూనో పట్నం నుంచి ఉక్స్‌హాల్ పట్నానికి రాత్రిపూట బయల్దేరాను. రాత్రి గుంపు నడక మందగిస్తుంది, తెలిసీ తొందరపడ్డాను. మధ్యలో సైన్యం వదిలి పారిపోయిన డెజర్టర్ల గుంపు తగిలింది. దిబ్బ లేదు, చెట్టు లేదు. అందరూ పోయారు. నన్ను కట్టేసి కొన్ని రోజులు మ్యాపు మీద ఈడ్చుకు తిరిగారు. ఆ రోజుల్లో మనం చేయగలిగింది ఏమీ ఉండదు, ఊరికే చూస్తూ ఉండాలి. ఎప్పటిలాగే సేవ్ లోడ్ చేద్దామని చెయ్యి వెళ్ళింది. ఆ రోజు ఎందుకో, బహుశా నిద్రమత్తు వల్ల, చెయ్యలేదు. తప్పించుకుని బయటపడేసరికి ఒక్కణ్ణే. సంచిలో డబ్బు చాలావరకు పోయింది. జెరెమస్ ఎటు పోయాడో తెలియదు. సారాకొట్టులో తిరిగే ఒక బాటసారికి 30 దినార్లిస్తే, వెలూకాలో కనిపించాడు అని చెప్పాడు. వెలూకా రోడోక్‌ల పట్నం. ఒంటరిగా, ఎవరు కనిపించినా పక్కకి తప్పుకుంటూ వెళ్ళాను. అతను సారాకొట్టులో ఒక మూల ఉన్నాడు. మళ్ళీ నాతో వచ్చాడు. దారిలో రోడోక్ పల్లెలే ఉన్నాయి కాబట్టి అక్కడి వాళ్ళనే చేర్చుకున్నాను. ఈటెలవాళ్ళు, క్రాస్‌బోలవాళ్ళు. అంతకుముందు నాకు వాళ్ళ గురించి ఏమీ తెలియదు. ఆరు నెలల తర్వాత, ఆటలో ఆరు నెలలు, అదే డెజర్టర్ల లాంటి గుంపు ఇంకొకటి కొండ కింద ఎదురైతే మా వాళ్ళు ఒక్కడు కూడా పోలేదు. ఆ కథ ఎవరూ రాయలేదు. సేవ్ లోడ్ చేసి ఉంటే నాకూ లేదు.

కథ లేదన్నావు కదా. నువ్వే పదకొండుసార్లు చెరిపేశావు.

కొత్తగా మొదలుపెట్టేటప్పుడు సేవ్ పద్ధతి అడుగుతుంది. సేవ్ చేయకుండా బయటికి పోవడం కుదరని రియలిస్టిక్ పద్ధతి పెట్టుకో. మొదటి వారం ఒళ్ళు మండుతుంది. ఓడినా నీ లెవెల్ పోదు, నీ నైపుణ్యాలు పోవు, నలుగురిలో నీకున్న పేరు మొత్తం పోదు. పోయేది మనుషులు, డబ్బు, ఒకటో రెండో వస్తువులు. నువ్వు భయపడుతున్నంత పెద్ద నష్టం కాదది.

ఒకటి మాత్రం తొందరపడొద్దు. కాస్త పేరు రాగానే ఎవడో ఒక రాజు సామంతుడిగా చేరమంటాడు, ఒక పల్లె ఇస్తానంటాడు. గబుక్కున ఒప్పుకోకు. ఆ పల్లెను వారానికోసారి ఎవడో వచ్చి తగలబెడతాడు, నువ్వు ఆర్పుకుంటూ కూర్చుంటావు. ముందు కిరాయి సైన్యంగా చేరు, రాజుల గుణాలు చూడు. స్వాడియా రాజు హార్లాస్ సంగతి ఆడినవాళ్ళందరికీ తెలిసిందే. అవతల కోటలు పోతుంటే ఆయన విందులిస్తుంటాడు, దొరలందరూ ఆ విందులో ఉంటారు, సరిహద్దులో ఎవరూ ఉండరు. నీకు నైట్లు స్వాడియా పల్లెల్లో దొరుకుతారు, దానికోసం హార్లాస్‌కి మొక్కక్కర్లేదు.

ఫ్రెండ్స్ సంగతి అడిగావు. బొమ్మలు పాతవే, అబద్ధం ఆడను. మనుషుల ముఖాలైతే 2010లో కూడా బాగాలేవు. వాళ్ళకి చూపించాలనుకుంటే ముఖాలు కాదు, ఒక కోట ముట్టడి చూపించు.

ఈ రాత్రికి పని ఇది. పాత ఆట తీసెయ్. కొత్త బొమ్మ, బలమూ తెలివీ చూసి పెట్టు, ప్రావెన్‌లో దిగు. సందులో మీద పడే దొంగను కొట్టు, వర్తకుడి పని చెయ్యి. ఐదుగురు చాలు, ఇరవై మంది కోసం పరిగెత్తకు. పదిహేను రోజుల్లో మళ్ళీ ఉత్తరం రాయి. ఎన్ని గెలిచావో రాయొద్దు, మొదటిసారి బందీ అయి బయటపడ్డాక ఏ ఊరికి వెళ్ళావో, అక్కడ ఎవరు కనిపించారో రాయి.